తలుపు బయట

అక్క పుట్టింటికి వచ్చేసిన మూడో నెలలో నేను తనకి ఒక జపనీస్ నవల పంపాను. తొషికాజు కవాగుచి రాసిన 'బిఫోర్ ద కాఫీ గెట్స్ కోల్డ్'. దానికి రెండు కారణాలు. ఒకటి, ఫోన్లో ఏం మాట్లాడాలో నాకు తెలియడం లేదు. రెండు, ఆ నవల్లో ఒక అక్కాచెల్లెళ్ల కథ ఉంది. మొదటి కారణం అక్కకి చెప్పాను. రెండోది చెప్పలేదు, చదివితే తనకే తెలుస్తుందిలే అనుకున్నాను.

తెలిసింది.

చదవనివాళ్ల కోసం: టోక్యోలో ఒక సందులో, నేలమాళిగలో ఉన్న చిన్న కాఫీ షాపు. అక్కడ ఒక కుర్చీలో కూర్చుంటే గతంలోకి వెళ్లొచ్చు. కానీ షరతులు చాలా ఉన్నాయి. ఆ షాపుకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చినవాళ్లనే కలవగలం. కుర్చీలోంచి లేవకూడదు. కప్పులో పోసిన కాఫీ చల్లారేలోపు తాగేసి తిరిగొచ్చేయాలి. అన్నిటికంటే పెద్ద షరతు, అక్కడికి వెళ్లి ఏం చేసినా వర్తమానం మారదు. కవాగుచి నాటకాల మనిషి. ఇది కూడా ముందు నాటకమే, 2015లో నవలగా వచ్చింది. అందుకేనేమో కథంతా దాదాపు ఒకే గదిలో నడుస్తుంది.

అందులో హిరాయ్ అనే అక్క ఉంది. సెందాయ్‌లో వాళ్ల కుటుంబానికి పాతకాలపు సత్రం. దాన్ని చూసుకోవడం ఇష్టం లేక ఇల్లు వదిలొచ్చి బార్ నడుపుకుంటోంది. చెల్లెలు కుమి తన కోసం మళ్లీ మళ్లీ టోక్యో వస్తుంది. హిరాయ్ తప్పించుకుంటుంది, ఒకసారైతే ఆ కాఫీ షాపులోనే కౌంటర్ వెనక దాక్కుంటుంది. ఆ రోజు తిరిగి వెళ్తూ కుమి కారు ప్రమాదంలో చనిపోతుంది. అప్పుడు హిరాయ్ ఆ కుర్చీలో కూర్చుని గతంలోకి వెళ్తుంది. చెల్లెల్ని బతికించలేదు. కానీ తన మనసులో ఏముందో వింటుంది, ఇంటికి వస్తానని మాటిస్తుంది, వచ్చాక ఆ మాట నిలబెట్టుకుంటుంది.

నేను ఆ కథ హైదరాబాద్ మెట్రోలో చదివి ఏడ్చాను. నేనే కుమి అనిపించింది. వారానికి ఆరుసార్లు ఫోన్ చేస్తాను, ఒకసారి ఎత్తుతుంది. గుంటూరు వెళ్తే గది తలుపు వేసుకుని ఉంటుంది. పోయేలోపు మాట్లాడుకోవాలి కదా మనుషులు, అని ఆ నవల అక్కకి చెప్తుందని నా ఆశ.

వారానికి మెసేజ్ వచ్చింది. "చదివాను. చెల్లెలు చచ్చిపోతేగానీ అక్కకి బుద్ధి రాదా? బాగుంది." ఐదు నిమిషాలకి ఇంకోటి. "నేను దాక్కోవడం లేదు. నువ్వు వెతకడం మానెయ్."

అక్క సంగతి చెప్పాలి. చెప్పొచ్చా అని తనని అడిగాను. ఊరూ పేరూ అక్కర్లేదు, మిగతాది రాసుకో అంది. బావకి అమెరికాలో ప్రాజెక్టు వచ్చింది. ఒప్పేసుకున్నాడు. అద్దె ఫ్లాట్ ఖాళీ చేస్తున్నామని ఓనర్‌కి చెప్పేశాడు. ఇంకో నాలుగు రోజుల్లో ఫ్లైట్ అనగా అక్కకి చెప్పాడు. నువ్వు కొన్నాళ్లు మీ ఇంట్లో ఉండు, తర్వాత చూద్దాం అన్నాడు. అక్క సామాను సర్దుకుని వచ్చేసింది. తర్వాత బావ పిలిచినా వెళ్లనంది.

ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. కొట్టలేదుగా, తాగడుగా, డబ్బు పంపుతానన్నాడుగా. "ముందే చెప్పాడు కదే" అని పిన్ని అంటే అక్క ఒక్క మాటే అంది. "చెప్పాడు. అడగలేదు."

ఆ తర్వాత మా తూర్పు గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. భోజనానికి వచ్చేది, తిని మళ్లీ వెళ్లిపోయేది. అమ్మ నాకు రోజూ ఫోన్లో లెక్క చెప్పేది. "ఇవాళ రెండిడ్లీలు తింది. నిన్న రాత్రి లైటు రెండింటి దాకా వెలుగుతూనే ఉంది." అమ్మమ్మ మాత్రం విసుక్కునేది. "ఊర్మిళాదేవి నిద్రా ఏవన్నానా!"

మా అమ్మమ్మకి ఆ పాట వచ్చు. వనవాసం పద్నాలుగేళ్లూ ఊర్మిళ అలా పడుకునే ఉందని ఆడవాళ్లు పాడుకునే పాట. చిన్నప్పుడు మా ఇద్దర్నీ చెరోపక్కన పడుకోబెట్టుకుని పాడేది. అక్కకి అప్పట్లోనే డౌటు. "ఆకలెయ్యదా అమ్మమ్మా?"

మెసేజ్ గొడవ తర్వాత రెండు వారాలకి గుంటూరు వెళ్లాను. ఆదివారం పొద్దున డైనింగ్ టేబుల్ మీద, నా కంచం పక్కన ఓల్గా 'విముక్త' ఉంది. అక్క కాలేజీలో కొన్న కాపీ. మధ్యలో పాత బస్ టికెట్. తెరిస్తే ఊర్మిళ కథ. అక్క గదిలోనే ఉంది. తలుపు వేసే ఉంది.

'విముక్త' చాలామంది చదివే ఉంటారు, 2015లో సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. నేనూ చదివాను. చదివి, ఫెమినిస్టు రామాయణం అని తలలో ఒక చీటీ అంటించి పక్కన పెట్టేశాను. ఆ రోజు తలుపు బయట, వరండాలో నేల మీద కూర్చుని మళ్లీ చదివాను.

ఓల్గా ఊర్మిళ నిద్రపోలేదు. లక్ష్మణుడు తనని ఒక్క మాట అడగకుండా అన్న వెంట వెళ్లిపోయాడని కోపంతో తలుపు వేసుకుంది. ముందు కోపమే. తర్వాత ఆ కోపం ఎక్కణ్ణుంచి వస్తోందని చూడటం మొదలుపెట్టింది. తన మీద ఎవరి అధికారం నడుస్తోంది, తను ఎవరి మీద అధికారం కోరుకుంటోంది అని. పద్నాలుగేళ్ల తర్వాత సీత వచ్చినప్పుడు తలుపు తీసిన మనిషిలో సీత ఊహించుకున్న దుఃఖం లేదు. పైగా ముందు ముందు సీతకే పనికొచ్చే మాట ఊర్మిళ చెప్తుంది. బయటివాళ్లకి నిద్రలాగా, జబ్బులాగా కనిపించింది లోపల పని.

'అడగకుండా' దగ్గర ఆగిపోయాను. అక్క ఈ పేజీలో టికెట్ ఎందుకు పెట్టిందో అర్థమైంది. ఇంకోటి కూడా అర్థమైంది, అది అంత తేలిగ్గా మింగుడుపడలేదు. ఆ జపనీస్ నవల నేను అక్క కోసం పంపలేదు. నాకోసం పంపాను. అక్క బాగుపడాలని కాదు, నాతో మాట్లాడాలని. పైగా నేనూ చెప్పానే గానీ అడగలేదు. "ఒక పుస్తకం పంపుతున్నా, చదువు" అన్నాను.

ఈమధ్య హీలింగ్ ఫిక్షన్ అని చాలా వస్తున్నాయి. జపాన్ నుంచి, కొరియా నుంచి. కాఫీ షాపు, పుస్తకాల షాపు, లైబ్రరీ. అలిసిపోయినవాళ్లు వస్తారు, ఎవరో ఒక మాట అంటారు, ముడి విడిపోతుంది. వాటిని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. ఏం చేసినా వర్తమానం మారదు అన్న షరతు పెట్టుకుని నాలుగు కథలు నడపడం చిన్న విషయం కాదు. హిరాయ్ కథకి ఇప్పటికీ ఏడుపొస్తుంది. కానీ ఆ కథల్లో టైం తక్కువ. కాఫీ చల్లారేలోపు అయిపోవాలి. పక్కన నిలబడి ఎదురుచూసేవాళ్లకి అది హాయిగా ఉంటుంది. లోపలున్న మనిషికి అన్నేసి రోజులు ఎందుకు పడుతున్నాయో చెప్పదు.

'విముక్త'లోనే శూర్పణఖ కథ ఉంది. ముక్కుచెవులు కోయించుకున్న మనిషి అడవిలో తోట పెంచుతుంది. సీత కలిసేసరికి ఆ తోట విరగబూసి ఉంది. కానీ దాని వెనకున్న అసహ్యం, పగ, తనని తాను చూసుకోలేకపోవడం, వాటిని దాటడానికి పట్టిన కాలం, అన్నీ శూర్పణఖ నోటనే వింటాం. తోట ఎవరో ఇచ్చింది కాదు. చేతులు మట్టిలో పెట్టి చేసుకున్నది.

అయినా ఊర్మిళ కథతో నాకొక పేచీ ఉంది. తలుపు వేసుకున్న ప్రతి మనిషీ జ్ఞానంతో బయటికి రారు. కొందరు అసలు రారు. ఆ భయంతోనే కదా అమ్మ ఇడ్లీలు లెక్కపెట్టింది! సాయంత్రం అక్క తలుపు తీసినప్పుడు ఇదే అడిగాను. "లోపల నువ్వు తపస్సు చేస్తున్నావని మాకెలా తెలుస్తుంది?"

నవ్వింది, చాలా రోజుల తర్వాత. "తపస్సేం లేదే. సగం రోజులు గోడకేసి చూస్తూ పడుకున్నా. నిద్ర పట్టట్లేదు, రేపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తావా?"

తీసుకెళ్లాను. మందులు రాశారు, వాడుతోంది. కథా మందూ రెండూ కావాలి, ఒకదాని పని ఇంకోటి చెయ్యదు అంటుంది అక్క. గది తలుపు ఇప్పటికీ వేసే ఉంటుంది, గడియ మాత్రం పెట్టట్లేదు. విడాకుల కాగితాల సంగతి ఏమీ తేలలేదు. అమ్మ ఇడ్లీల లెక్క మానలేదు.

నేను మాత్రం ఆ వరండాలో కూర్చోవడం నేర్చుకున్నాను. వెళ్లిన ప్రతిసారీ తలుపు ఒకసారి తడతాను. తీస్తే లోపలికి వెళ్తాను, లేకపోతే బయటే ఏదో ఒకటి చదువుకుంటాను.

మొన్న ఫోన్లో అడిగాను. "అక్కా, ఒక కొరియన్ నవల దొరికింది. పంపనా?"

కాసేపు ఆలోచించింది. "వద్దు" అంది.

సరే అన్నాను.