నర్సమ్మ రాని రోజు కోసం



ఈ వారం మన సంఘంలోని ఒక పెద్దమ్మగారి సంగతి రాస్తున్నాం. పేరు రాయడం లేదు. "రాయండి అయ్యగారూ, ఇంకొకరికి పనికొస్తుంది" అని ఆమే అన్నారు.

పెద్దపేగు చివర క్యాన్సర్ వచ్చి పట్నంలో ఆమెకు ఆపరేషన్ చేశారు. పేగు కొనను పొట్ట మీదికి తెచ్చి, మలం పడడానికి సంచి అతికించారు. దీన్ని కొలోస్టమీ అంటారు. ఇంటికి వచ్చాక వారానికి రెండుసార్లు నర్సమ్మ వచ్చి సంచి మార్చేవారు. కోడలు కూలికి వెళ్లాలి గనుక మధ్యలో ఖాళీ చేసే పని మా ఇంట్లో అమ్మగారు, స్త్రీల సమాజం సహోదరీలు పంచుకున్నారు. మంచి సేవ చేస్తున్నామని మేమంతా సంతోషపడ్డాం.

ఒకరోజు నర్సమ్మ మమ్మల్ని వాకిట్లోకి పిలిచారు. "ఇంక నాలుగుసార్లే వస్తాను. మామ్మగారు ఇంతవరకు సంచి ముట్టుకోలేదు. మీరు ప్రేమతోనే చేస్తున్నారు, కాదనను. కానీ అర్ధరాత్రి సంచి ఊడితే ఎవరుంటారు?"

మా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి పక్కన కూర్చోవడమే మా పని అయింది.

మొదటిసారి నర్సమ్మ ఆమె చేతికి అద్దం ఇచ్చారు. అప్పటిదాకా పెద్దమ్మగారు అటు చూడనేలేదు. పొట్ట మీద కనిపించే ఆ పేగు కొనను స్టోమా అంటారు. అది పెదవి లోపలి భాగంలా ఎర్రగా, తడిగా ఉండాలి. ముట్టుకుంటే నొప్పి తెలియదు. తుడిచినప్పుడు ఒకటి రెండు రక్తపు చుక్కలు కనిపిస్తే భయపడక్కర్లేదు.

రెండోసారి కొలత నేర్పారు. ఆపరేషన్ తర్వాత 6 నుంచి 8 వారాల దాకా స్టోమా చిన్నదవుతూ ఉంటుంది. పాత కొలతకే రంధ్రం కోస్తే చుట్టూ సందు మిగిలి, మలం తగిలి చర్మం పుండవుతుంది. సందు 2, 3 మిల్లీమీటర్లు మించకూడదు.

మూడోసారి అంతా ఆమే చేశారు. పొద్దున్నే, ఏమీ తినకముందు మారిస్తే మలం తక్కువ వస్తుంది. మామూలు నీళ్లతో కడిగి బాగా ఆరనివ్వాలి. కొబ్బరినూనె రాస్తే సంచి అతుక్కోదు. మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, బరువెక్కితే ఊడిపోతుంది. చేతులు వణికాయి. మొదటి సంచి వంకరగా పడింది. సాయం చేయబోయిన అమ్మగారిని నర్సమ్మ కళ్లతోనే ఆపారు.

నాలుగోసారి గోడకు ఒక కాగితం అంటించారు. సంచి రకం, కొలత, దొరికే షాపు, ఆసుపత్రి ఫోను నంబరు. కింద పెద్ద అక్షరాలతో: స్టోమా నల్లబడినా, సంచిలోకి ఏమీ రాకుండా కడుపునొప్పి, వాంతులు వచ్చినా, రక్తం ఆగకపోయినా వెంటనే వెళ్లాలి. అదనపు సంచులు ఎండ తగలని చోట పెట్టమన్నారు. చిన్నపేగును పైకి తెచ్చినవారికి ఒంట్లో నీరు, ఉప్పు త్వరగా తగ్గిపోతాయి గనుక ఓఆర్ఎస్ సంగతి ముందే డాక్టరును అడిగి ఉంచుకోవాలని కూడా చెప్పారు.

నర్సమ్మ రావడం ఆగింది. పెద్దమ్మగారు అన్నీ చేసుకుంటున్నారు. కానీ ఆరాధనకు రాలేదు. అడిగితే చాలాసేపటికి చెప్పారు: "మధ్యలో ఖాళీ చేయాల్సి వస్తే ఎక్కడికి వెళ్లను? మందిరం దొడ్డికి గడియ లేదుగా అయ్యగారూ."

నిజమే. ఇన్నేళ్లలో మాకు ఎవరికీ తట్టలేదు. ఆమెను సిద్ధపరిచాం అనుకున్నాం, మేము సిద్ధపడలేదు. శనివారం గడియ బిగించాం. బకెట్, మగ్గు, సంచి తగిలించుకోవడానికి ఒక కొక్కెం పెట్టాం. ఆదివారం ఆమె వచ్చి చాప మీద తన పాత చోటే కూర్చున్నారు. మౌన ప్రార్థనలో సంచి చిన్నగా శబ్దం చేసింది. ఒక పిల్లవాడు నవ్వాడు. ఆమె కళ్లు తెరవలేదు, లేచి వెళ్లనూ లేదు.

ఈ సేవ ఎలా మొదలైందో ఈమధ్యనే చదివాం. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ రూపర్ట్ టర్న్‌బుల్ ఇలాంటి రోగులకు నేర్పడానికి నార్మా గిల్ అనే ఆమెను నియమించారు. ఆమె నర్సు కాదు. తనకే ఇలాంటి ఆపరేషన్ అయింది. ఈ మాట పెద్దమ్మగారికి చెబితే కాసేపు ఊరుకుని, "పక్క ఊళ్లో ఒకాయనకు ఇదే ఆపరేషన్ అయిందట. ఆయన భార్య ఏడుస్తోందట. నన్ను తీసుకెళ్తారా?" అన్నారు.

మంగళవారం వెళ్తున్నాం. ఆమె తన అద్దం కూడా సంచీలో సర్దుకున్నారు. ఆ కుటుంబాన్ని ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. మీ ఊళ్లో ఇలాంటివారు ఉంటే పలకరించి రండి. వచ్చేముందు మీ మందిరం దొడ్డికి గడియ ఉందో లేదో ఒకసారి చూడండి.