మోటర్ ఎయ్యి... అంతే!

కనకమామిడిలో ఓ ఫాంహౌస్. యజమాని ఉండేది హైదరాబాద్‌లో. బోరుమోటరు ఫోన్‌తో నడిచేలా ఏర్పాటు చేసి, ఆ ఫోన్ కాపలా పెద్దాయన చేతిలో పెట్టి వెళ్లాడు. తెరమీద ‘సర్వీస్’ అన్న మాట చూసి పెద్దాయన కంగారుపడ్డాడు.

‘సారూ, మోటర్ సర్వీసింగ్‌కు వచ్చిందట. మెకానిక్‌ను పిలవాల్నా?’

సారు నవ్వాడు. కానీ ఆ పూట నీళ్లందక జామమొక్కలు వాడిపోయాయి.

తికమక ఆయనొక్కడిదే కాదు. 2013లో మొదలైన ‘హోమ్ అసిస్టెంట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా 2024 ఆగస్టులో ‘సర్వీస్’ను ‘యాక్షన్’గా మార్చుకుంది. లైటు వెయ్యడం, ఫ్యాను ఆపడం... అన్నీ పనులే కదా!

ఆదివారం సారు వచ్చి మీటల పేర్లు మార్చాడు. ‘మోటర్ ఎయ్యి’, ‘మోటర్ బంద్’. పెద్దాయన నొక్కాడు. కాలువలో నీళ్లు పారాయి.

‘గీ ముక్క ముందే రాస్తే అయిపోతుండె గద సారూ!’