రేకుల కప్పు క్రింద

కట్టడాలలో కూడా కులీనములు, సామాన్యములు అని రెండు తెగలున్నవి. కోటలు, దేవాలయాలు, మసీదులు, దివాణాలు మొదటి తెగకు చెందినవి. వాటికి శిలాఫలకాలుంటవి, కట్టించిన ప్రభువుల పేర్లుంటవి, ఎవరో ఒకరు వచ్చి ఫొటోలు తీసుకుంటారు. మన విజయనగరం కోట 1713లో వెలసినదని, గంటస్తంభం 1885 నాటిదని పాఠశాల విద్యార్థి సైతం చెప్పగలడు. 2020లో మూడు లాంతర్ల స్తంభాన్ని తొలగించినప్పుడు పట్టణమంతా ఎంత కలతపడినదో మనమెరుగుదుము. రెండవ తెగకు చెందినవి షెడ్డులు, గ్యారేజీలు, గిడ్డంగులు, గుఱ్ఱపుసాలలు. వీటిని ఎవ్వరూ కట్టడాలుగా పరిగణింపరు. ఉన్నంతకాలం ఎవరికీ కనబడవు. పోయినప్పుడు స్థలం ఎంత పలికినదన్న మాటే వినవస్తుంది.

గత సంవత్సరం మేము ద్వితీయ సంవత్సరం తరగతికి ‘మా ఊరి పాత కట్టడం’ అన్న విషయమిచ్చి వ్యాసాలు వ్రాయించినాము. అత్యధికులు కోటను వర్ణించినారు. కొందరు రామతీర్థం వెళ్ళినారు, కొందరు గురజాడ వారి ఇంటిని ఆశ్రయించినారు. ఒక్క విద్యార్థి మాత్రం తన తండ్రి పనిచేసే బస్సు గ్యారేజీని గూర్చి వ్రాసినాడు. తరగతిలో అది చదివినప్పుడు కొందరు నవ్వినారు. మాకు నవ్వు రాలేదు. గౌలిగూడ జ్ఞప్తికి వచ్చినది.

ఆ సంగతి చెప్పబోయే ముందు, డిపోలలోనే పాత కట్టడాలు ఎందుకు మిగులుతవో రెండు మాటలు చెప్పవలసియున్నది. వాహనం మారినంత త్వరగా వాహనం నిలిచే చోటు మారదు. కలకత్తాలో 1873లో ట్రాము గుఱ్ఱాలతో మొదలైనది. 1902లో విద్యుత్తు వచ్చినది. గుఱ్ఱం పోయినా పట్టాల దారి, బండ్లు నిలిచే ఆవరణ అనే అవసరాలు పోలేదు. వెడల్పైన నేల, ఎత్తైన కప్పు, బండి తిరగడానికి చోటు ఉన్న స్థలం ఊరి నడుమ మళ్ళీ దొరకడం దుర్లభం. కనుక కొత్త యంత్రం పాత యంత్రపు ఇంటిలోనే కాపురం పెడుతుంది. ఇది ఖర్చు తగ్గించుకొను ఉపాయమే గాని, పాతదానిపై గౌరవంతో చేసిన పని కాదు. అయినా ఆ పొదుపు వల్లనే ఎన్నో గోడలు బ్రతికినవి. పారిస్ నగరంలో 1900లో కట్టిన ఓర్సే రైలు స్టేషను 1986లో చిత్రకళా మ్యూజియంగా మారినదంటే అది రాజయోగమే అనుకోవాలి. అన్ని షెడ్డులకు ఆ యోగం పట్టదు.

మేము ఎం.ఏ. చదువుటకు హైదరాబాదు వెళ్ళిననాటికి రాష్ట్రం ఒక్కటే. మా మేనమామగారు, మేము ‘మామూ’ అని పిలిచేవారము, అప్పటికి కొద్దికాలం క్రితమే బస్సుల ఫిట్టరుగా పదవీ విరమణ చేసి పాతబస్తీలో ఉండేవారు. మేమూ ఆయన ఇంటనే ఉన్నాము. విశ్వవిద్యాలయానికి నగర బస్సు పట్టుకొనుటకు గౌలిగూడకు వచ్చేవారము. ఆ బస్టాండు కప్పు చూచిన మొదటిరోజున మాకు కలిగిన భావం, ఎవరో ఒక బృహత్తరమైన పీపాను నిలువునా రెండుగా చీల్చి ఒక సగాన్ని నేలపై బోర్లించినారని. మధ్యలో స్తంభమన్నది లేదు. ఇనుప రేకులే వంపు తిరిగి, రెండుప్రక్కల నేలకు దిగి, తమ బరువును తామే మోసుకొంటున్నవి.

స్తంభాలు లేకపోవుటకు కారణమున్నది. అది బస్సుల కొరకు పుట్టిన షెడ్డు కాదు. విమానాల కొరకు పుట్టినది. రెక్కలు చాచి నిలిచే విమానానికి నడుమ స్తంభాలుంటే పనికిరాదు. అమెరికాలో తయారై సముద్రం దాటివచ్చిన ఈ హ్యాంగరును ‘మిస్సిసిపీ హ్యాంగరు’ అని పిలిచేవారు. నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను తన అధీనంలోనికి తీసుకున్నది. ఆ రైల్వేలోనే ఒక శాఖగా 1932 జూన్ నెలలో రోడ్డు రవాణా విభాగం ప్రారంభమైనది. ఆనాటి బలగం 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. విమానాల కొరకు వచ్చిన హ్యాంగరు ఆ సంవత్సరమే బస్సుల నిలయమైనది. విమానానికి అనువైన ఆ ఖాళీ నేలే బస్సు మలుపు తిరుగుటకూ అనువైనది. పిమ్మట సంస్థానం పోయి, 1951లో ఆ శాఖ హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వపరమై, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా అవతరించినది. ఇన్ని చేతులు మారినా కప్పు మాత్రం అదే.

ఈ చరిత్ర విజయనగరం వారికేమి సంబంధమని అడుగవచ్చును. మన ఊరి కాంప్లెక్సులో నిలిచిన పాత బస్సు నంబరు పలకను ఒకమారు చూడండి. అంకెలకు ముందు ‘జడ్’ అన్న అక్షరం కనబడుతుంది. నిజాం తల్లి జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరమది అని హైదరాబాదులో చెప్పుకొంటారు. నిజాం పాలన పద్దెనిమిదవ శతాబ్దిలోనే ముగిసిన మన కళింగసీమలో, చీపురుపల్లి పోయే బస్సు మీద కూడా ఆ అక్షరం తిరిగినది. రాతికట్టడాల కంటె ఒక్కొక్కప్పుడు అక్షరాలే గట్టివి.

రేకుల కప్పు క్రింద జీవితం సుఖమైనదని మేము చెప్పబోము. వేసవిలో అది పెనం. వర్షాకాలంలో చినుకులు పెద్దవైతే మైకులో చెప్పే మాట ఒక్కటీ వినబడేది కాదు. జనం బోర్డుల దగ్గరకు పరుగులెత్తేవారు. పావురాలు, డీజిలు పొగ, ఉస్మానియా బిస్కత్తుల వాసన, సంచుల మీద నిద్రపోయే కూలీలు – ఇదంతా ఒకే వంపు క్రింద. పొడవైన బస్సు ప్రయాణాలన్నీ 1994లో మూసీ నడుమ కట్టిన మహాత్మాగాంధీ బస్‌స్టేషనుకు తరలిపోయినవి. గౌలిగూడకు నగర బస్సులు మిగిలినవి. పెద్దకొడుకు వేరు కాపురం పెట్టినాక ముసలి తల్లి ఉన్న ఇంటివలె ఉండేది. అయినను పని ఉన్నది గనుక ఊపిరి ఉన్నది.

2018 జూలై 5న ఆ కప్పు కూలిపోయినది. ప్రమాదాన్ని పసిగట్టి కొద్దిరోజుల ముందే బస్సులను, జనాన్ని ఖాళీ చేయించినందున ప్రాణనష్టం జరుగలేదు. అల్లాహ్ దయ. బస్టాండుగా ఎనభై ఆరు సంవత్సరాలు నిలిచిన ఇనుము అది. నలిగిన రేకుల ఫొటోను పత్రికలో చూచి మేము ఇక్కడినుండి మామూకు ఫోను చేసినాము. ఆయన మొదట అడిగిన ప్రశ్న: “ఎవరికైనా తగిలిందా బేటా?” ఎవరికీ తగులలేదని చెప్పినాము. “అయితే సరే,” అన్నారు. మరికొంతసేపు మాటలాడలేదు.

మరుసటి నెల మేము హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆయన పాత క్యాలెండరు కాగితం వెనుకవైపున పెన్సిలుతో గీసిన పటమొకటి మా చేతికిచ్చినారు. గౌలిగూడ బస్టాండు నమూనా అది. చెడిన బండ్లను చూచుటకు ఆయనకు అక్కడ ఎన్నో ఏండ్లు డ్యూటీలు పడినవట. ఇంజనీరు గీసినట్లు కొలతలేవీ లేవు. ఏ ప్లాట్‌ఫారం వద్ద ఏ ఊరి బస్సు ఆగేది, మంచినీళ్ళ కుండలు ఎక్కడుండేవి, ఎక్కడ వాన కారేది, రాత్రి డ్యూటీవారు ఎక్కడ నడుము వాల్చేవారు, నమాజుకు పరచుకొనే చాపలు ఏ మూల చుట్టిపెట్టేవారు – ఇవి అందులోని వివరాలు. అన్నీ ఉర్దూలో వ్రాసినారు. ఒక మూల చిన్న చతురస్రం గీసి అందులో ఏమీ వ్రాయలేదు. అదేమిటని అడిగితే, “పనిముట్ల పెట్టె పెట్టుకొని అక్కడ నేను కూర్చునేవాణ్ణి,” అన్నారు.

పురావస్తుశాఖ వారి వద్ద కోట కొలతలుంటవి. ఇనుప వర్తకుని వద్ద కూలిన రేకుల బరువు లెక్క ఉంటుంది. వానకారే చోటెక్కడిదో ఆ రెండు పుస్తకాలలోనూ ఉండదు. గౌలిగూడ విషయంలో అది మాకు దొరికినది ఒక విశ్రాంత ఫిట్టరు చేతివ్రాతలో మాత్రమే. ఆ కాగితం ఆయన అనుమతితో ఇప్పుడు మా వద్ద ఉన్నది. మా ఉర్దూ శాఖ మిత్రులు దానిలోని మాటలను శుద్ధప్రతి వ్రాసి పెట్టినారు. కొన్ని వర్క్‌షాపు మాటలు వారికీ కొత్తవే.

ఇక మన ప్రాంతం సంగతి. మనకు మిస్సిసిపీ నుండి హ్యాంగరు రాలేదు గాని, రైలు వచ్చినది. 1890ల దశాబ్దిలో తూర్పుతీరపు రైలుమార్గం పడినది. 1908–09లో విజయనగరం నుండి పార్వతీపురానికి, 1913లో బొబ్బిలి నుండి సాలూరుకు, 1931 నాటికి రాయపూరు వరకు దారులు సాగినవి. సాలూరు శాఖలో ఒకే పెట్టెతో నడిచిన రైలుబస్సు ఎక్కినవారు మన విద్యార్థులలోనే కొందరున్నారు. లారీల ఊరిగా పేరుపొందిన సాలూరుకు అంత చిన్న రైలు ఉండడం మాకెప్పుడూ వింతగానే తోచేది.

అన్నిటికంటె ముచ్చటైనది నౌపడ–గుణుపురం చిన్నబండి. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మార్గం. 1900లో నౌపడ నుండి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వరకు ప్రారంభమై, 1931 నాటికి గుణుపురం చేరినది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు రాష్ట్రాలకు సరిహద్దు వచ్చినది గాని బండికి రాలేదు. తెలుగువారు, ఒరియావారు, సవరలు ఒకే బెంచీపై ఇరుక్కొని కూర్చున్నారు. 2004 జూన్‌లో ఆ పట్టాలపై ఆఖరి బండి నడిచినది. పెద్దపట్టాలు వేసి 2011 నాటికి గుణుపురం వరకు మళ్ళీ రైలు నడిపినారు.

ఇది మంచిదే. విశాఖ ఆసుపత్రికి పోవలసిన రోగికి చిన్నబండి ముచ్చట్లు అక్కరకు రావు. అయితే గేజి మార్పిడి అన్నది పాత కట్టడాలపాలిట బస్సు డిపోకంటె కఠినమైనది. బస్సు పాత షెడ్డులో దూరగలదు. ఐదున్నర అడుగుల పట్టాలమీది బండి రెండున్నర అడుగుల బండి కొరకు కట్టిన షెడ్డులో దూరలేదు. దాని గుమ్మం చాలదు, దాని ప్లాట్‌ఫారం ఎత్తు చాలదు. ఇంజనుకు నీళ్ళు పట్టే గొట్టం, బూడిద రాల్చే గుంట డీజిలు బండికి పనికిరావు. పొదుపు అనే రక్షకుడు ఇక్కడ లేడు.

టెక్కలి, పాతపట్నం వైపునుండి మన కళాశాలకు వచ్చే విద్యార్థులకు అందుచేత ఒక కోరిక. మీ తాతలలో, నానాలలో చిన్నబండిపై బొగ్గు వేసినవారు, పట్టాలు కాచినవారు, స్టేషనులో మూటలు మోసినవారు ఉండవచ్చును. వారివద్ద కూర్చుని ఒక పటం గీయించండి. ఇంజనుకు నీళ్ళెక్కడ పట్టేవారు, రాత్రి బండి ఎక్కడ పడుకొనేది, ఏ ఎత్తుమీద ప్రయాణికులు దిగి నడిచేవారు, ఏ చెట్టుక్రింద అన్నం మూటలు విప్పేవారు – ఇవి అడగండి. తెలుగులో గాని, ఉర్దూలో గాని, ఒరియాలో గాని వ్రాసి ఇవ్వండి. కొలతలు తప్పినా ఫరవాలేదు. గ్యారేజీ వ్యాసం వ్రాసిన విద్యార్థి వాటిని సేకరించుటకు ఒప్పుకున్నాడు. వచ్చే సంచికకు గడువు జనవరి నెలాఖరు.