అమ్మ డెక్చీ

ముందటేడు చలికాలంలో మా రీడింగ్ ఇంట్లో గ్యాస్ బాయిలర్ రెండుసార్లు ఆగిపోయింది. అప్పటికే అమ్మ మారిషస్ నుంచి వచ్చి మా దగ్గర ఉంటోంది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి రెండు శాలువాలు కప్పుకుని కెటిల్ పక్కన కూర్చుంటే చూడలేకపోయాను. మళ్ళీ గ్యాసుదే పెట్టాలా, కరెంటుకి మారాలా?

కరెంటుదంటే హీట్ పంపు. పెరట్లో పెట్టిన పెట్టె బయటి గాలిలోని కాస్త వేడినే లాగి ఇంట్లోకి తెస్తుంది. ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుందన్నారు. బాగానే ఉంది గాని, ఇక్కడ కరెంటు యూనిట్ ధర గ్యాసుకి దాదాపు నాలుగు రెట్లు. ఇక మిగిలేదేముంది? ప్రభుత్వం ఇచ్చే 7,500 పౌండ్ల సాయం, పైకప్పు మీద సోలార్ పలకలు కలిశాకే నాకు ధైర్యం వచ్చింది.

"ఈ ఊళ్ళో ఎండెక్కడుందిరా?" అంది అమ్మ. ఆవిడకి సోలార్ కొత్త కాదు. మారిషస్‌లో చిన్నాన్నవాళ్ళ డాబా మీద నీళ్ళు కాచే ట్యాంకుంది. మన తాతలు నరికిన చెరకు పిప్పినే మండించి అక్కడ కరెంటు తీస్తారనీ తెలుసు. ఒకనాడు కేవర్షమ్ లాక్‌కి తీసుకెళ్ళాను. అక్కడ ఊరివాళ్ళే వాటాలు వేసుకుని, 2021 నుంచి థేమ్స్ నీటితో కరెంటు తీస్తున్నారు. తిరుగుతున్న మరలకేసి చాలాసేపు చూసింది. "సరే, పెట్టించు," అంది.

మొదటి పది రోజులూ ఇల్లు చల్లగానే ఉంది. తప్పు నాదే. గ్యాసు రోజుల అలవాటు కొద్దీ రాత్రిళ్ళు ఆపేసేవాణ్ణి. బాయిలర్ నీళ్ళు చెయ్యి కాలేంత వేడిగా వచ్చేవి. ఈ పంపు 45 డిగ్రీల నీళ్ళే పంపుతుంది, దాన్ని ఆపకుండా నడపాలి. అమ్మ రేడియేటర్ ముట్టుకుని "ఇది పాడైపోయింది" అనేది. రాత్రీపగలూ వదిలేశాక మూడో రోజున ఒక శాలువా తీసేసింది.

డిసెంబరులో పలకలు ఇచ్చింది అంతంతే. ఏప్రిల్ నుంచి మాత్రం స్నానాల నీళ్ళు పైకప్పు కరెంటుతోనే కాగుతున్నాయి.

చిక్కల్లా వంటింట్లో వచ్చింది. కొత్త ఇండక్షన్ పొయ్యి మీద అమ్మ అల్యూమినియం డెక్చీ పెడితే కీచుమని అరిచి ఆరిపోతుంది. అయస్కాంతం అంటుకునే గిన్నెలే కావాలట దానికి. ఆ డెక్చీ మా నాయనమ్మది. కోరింగ రేవులో ఓడెక్కినవాళ్ళ వస్తువేదీ మా ఇంట మిగల్లేదు, ఉన్నవాటిలో పాతది ఇదే. చీరల మధ్య చుట్టి తెచ్చుకుంది. పప్పు అందులోనే ఉడకాలి.

అందుకని పాత గ్యాస్ పొయ్యి ఓ మూల అలాగే ఉంచాను. మీటరు తీయించలేదు. వాడినా వాడకపోయినా రోజుకి 30 పెన్నీల దాకా కట్టాలి, ఏడాదికి వంద పౌండ్లు దాటుతుంది. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు. చెబితే ఆ పూటే డెక్చీని అటకెక్కిస్తుంది.