పొట్టుకో దారి

మా నాయన బాడిశ పట్టి చెక్కితే పెచ్చులు రాలేవి. సాయంత్రం మా అమ్మ వాటిని చేటకెత్తి పొయ్యి దగ్గర పోసుకునేది. చిత్రిక పడితే చుట్టలు చుట్టలుగా వచ్చేవి, పిల్లలం చెవులకు తగిలించుకుని ఊరేగేవాళ్లం. రంపం కోతకు పొట్టు రాలినా అది ఆయన కాళ్ల దగ్గరే కుప్పగా పడేది. నాగళ్లు, కాడిమాన్లు, గొర్రులు, గుంటకలు, పెళ్లిళ్లకు పీటలు. బతికినంత కాలం కట్టెతోనే బతికిన ఆయనకు నడుము నొప్పి ఉండేది గానీ దగ్గు ఉండేది కాదు.

అదే కొట్టంలో ఇప్పుడు మా అన్న పని చేస్తాడు. టేబుల్ రంపం, రౌటర్, బెల్టు సాండర్. సాండర్ ఆడుతుంటే టేకు పలక మీద నుంచి గోధుమరంగు పిండి లేచి వెలుతురులో నిలబడిపోతుంది. కనురెప్పల మీద, చెంబులో నీళ్ల మీద, ఆరవేసిన తువ్వాలు మీద అదే పిండి. రాత్రి పడుకున్నాక మొదలయ్యే దగ్గు పక్కింటికి వినిపిస్తుంది. కులవృత్తి అదే, కట్టె అదే. కరెంటు వచ్చి పొట్టును పిండి చేసింది, అంతే తేడా.

ఆ తేడా చిన్నది కాదు. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల కన్నా సన్నటి ధూళి ముక్కు వెంట్రుకలను దాటి లోపలికి పోతుంది, యంత్రం ఆపిన తర్వాత కూడా గంటల తరబడి గాలిలోనే తేలుతుంది. ఇంగ్లండులో హై వికమ్ అనే ఊరు కుర్చీల తయారీకి పేరుపడింది. ఆ ప్రాంతపు వడ్రంగుల్లో ముక్కు లోపల అరుదైన క్యాన్సరు ఎక్కువగా కనబడుతోందని గమనించిన వైద్యుల్లో ఎస్మీ హాడ్‌ఫీల్డ్ ఒకరు. ఆమె మరి ముగ్గురితో కలిసి 1968లో ఆ సంగతిని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్కధూళిని మనిషికి క్యాన్సరు తెచ్చేవాటి మొదటి జాబితాలో పెట్టింది. కర్ణాటకలోని మా పావగడ వాళ్లకు ఇలాంటి మాట కొత్త కాకూడదు. బోరు నీళ్లు తేటగా ఉన్నాయని తాగి, ఫ్లోరైడుతో పళ్లు గారపట్టి, ఎముకలు వంగిన తాలూకా ఇది. కంటికి తేటగా ఉన్నది ఒంటికి మంచిదని నమ్మి ఒకసారి దెబ్బతిన్నాం.

అందుకని అన్నకు ఒక వ్యాక్యూమ్ యంత్రం కొనిచ్చాను. బెంగళూరు ఎస్.జె.పి. రోడ్డులో తిరిగి తెచ్చినది. దాని హోసు లోపలి కొలత 32 మిల్లీమీటర్లు. టేబుల్ రంపం వెనక పొట్టు పడే మూతి 100. రెంటికీ మధ్య ఒక రెడ్యూసర్ పెడితే పని అయిపోతుందనుకున్నాను. మొదటి పలక కోసేసరికే రంపం కింద గుట్ట పడింది, హోసులో ముక్క అడ్డం తిరిగింది, యంత్రం ఏడుపు గొంతు పెట్టింది. తప్పు యంత్రానిది కాదు, పైపు కొలత చూడని నాది.

మూడు వైపులా ఆంధ్ర, నడుమ మా తాలూకా. ఇక్కడ ఏ వీధిలో అడిగినా పైపుల గురించి చెప్పే మనిషి దొరుకుతాడు. వాన నమ్ముకోలేని చోట బోర్లు, మోటార్లు, డ్రిప్పు పైపులే చదువు. పైపుల అంగట్లో కుర్రాడు అడిగాడు:

“బోరుకా సార్, డ్రిప్పుకా?”

“గాలికి,” అన్నాను. కట్టె పొట్టు లాగడానికని వివరించాను.

“నీళ్లైతే ఏమి, గాలైతే ఏమి సార్. లాగే పైపు అణిగిపోకూడదు. సక్షన్ పైపు తీసుకోండి. ఎంత దూరం పోవల్ల?”

ఆ చివరి ప్రశ్న నేను వేసుకోనేలేదు. రైతుకు అది మొదటి ప్రశ్న. దూరం పెరిగేకొద్దీ పైపు లావు పెరగాలని, సన్న పైపు వేస్తే మోటారు వేడెక్కుతుంది గానీ నీళ్లు రావని అతనికి తెలుసు. గాలి లెక్కా అదే. అంతే గాలి పోవాలంటూ పైపు వ్యాసాన్ని సగం చేస్తే, రాపిడికి పోయే ఒత్తిడి సుమారు 32 రెట్లవుతుంది.

అయితే లావు పైపు వేస్తే చాలనుకుంటే ఇంకో గుంటలో పడతాం. కట్టె పొట్టు గాలిలో తేలుతూ పోవాలంటే వేగం సెకనుకు 20 మీటర్ల దాకా ఉండాలి. నిమిషానికి 4 ఘనమీటర్ల గాలి లాగే వ్యాక్యూమ్‌కు 100 మిల్లీమీటర్ల పైపు తగిలిస్తే వేగం 8, 9 మీటర్లకు పడిపోతుంది. పొట్టు దారిలోనే పడుకుంటుంది. అదే గాలి 50 మిల్లీమీటర్ల పైపులో 34 మీటర్ల వేగంతో పోతుంది. కాబట్టి ఇలాంటి యంత్రానికి 50, 63 సరైన లావులు. 100 మిల్లీమీటర్ల గొట్టాలు పెద్ద ఫ్యాను ఉన్న డస్ట్ కలెక్టరుకు తగినవి. అది చాలా గాలిని మెత్తగా లాగుతుంది, వ్యాక్యూమ్ కొద్ది గాలిని గట్టిగా లాగుతుంది. అన్న రంపానికి నిజంగా కావలసింది ఆ పెద్దదే. అది కొనేదాకా రంపం కింద రేకు తొట్టి బిగించి, మూతిని 63కు కుదించి నెట్టుకొస్తున్నాం. సాండర్‌కూ రౌటర్‌కూ మాత్రం వ్యాక్యూమే మేలు. వాటి మూతులు ఎలాగూ సన్నవి.

ఇక అతుకుల దగ్గర అసలు చిక్కు. హోసును లోపలి కొలతతో అమ్ముతారు, మన పీవీసీ పైపును బయటి కొలతతో అమ్ముతారు. పరదేశపు సాండర్ మూతి రెంటికీ కుదరదు. అంకె మీద నమ్మకం పెట్టుకోకుండా వెర్నియర్ కాలిపర్ జేబులో వేసుకుని అంగడికి పోవడం నేర్చుకున్నాను. ఒక మిల్లీమీటరు తక్కువైతే పైపు మూతిని సలసల కాగే నీళ్లలో ముంచి, మెత్తబడగానే గుండ్రటి కట్టె మీదికి నొక్కి వెడల్పు చేస్తాం. పొలాల్లో మంట పెట్టి చేస్తారు గానీ, కాలిన పీవీసీ పొగ కూడా విషమే. ఒక మిల్లీమీటరు ఎక్కువైతే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి క్లిప్పు బిగిస్తే గాలి కారదు.

గోడ వెంబడి నున్నటి పీవీసీ పైపు, చివర పనిముట్టు దగ్గర మాత్రమే మెత్తటి హోసు, అదీ కావలసినంత పొడవే. లోపల మడతలున్న హోసులో గాలికి రాపిడి ఎక్కువ. మలుపు తిప్పాల్సిన చోట 90 డిగ్రీల ఎల్బో ఒకటి పెట్టేకన్నా 45వి రెండు పెట్టడం మంచిది. చీలిక దగ్గర టీ వద్దు, వై పెట్టాలి, దాని కొమ్మ గాలి పోయే దిక్కుకు వాలి ఉండాలి. మురుగు పైపుల్లో మూత తీసే డోర్ బెండ్లు దొరుకుతాయి, ఇరుక్కున్న ముక్క తీయడానికి అంతకన్నా వాటం ఇంకోటి లేదు. కీళ్లకు సొల్యూషన్ పూయకండి. ఒక స్క్రూ చాలు. అతికించేశామంటే అడ్డం పడిన రోజు రంపంతో కోయాల్సిందే.

యంత్రానికి ముందు ఒక డ్రమ్ము పెట్టాం, దాని మూత మీద శంకువు ఆకారపు సైక్లోను. రాగులు తూర్పార పట్టినప్పుడు గింజ కాళ్ల దగ్గర పడి పొల్లు గాలికి పోతుంది కదా, ఇందులో గాలి గిర్రున తిరిగి బరువైనది గోడను తాకి డ్రమ్ములో పడుతుంది, సన్నది ముందుకు పోతుంది. 1885లో అమెరికాలో జాన్ ఫించ్ పేర పేటెంటైన ఉపాయం ఇది. ముందుకు పోయే ఆ సన్నదే మనకు శత్రువు. అందుకే హోసు ఎంత బాగున్నా వెనకాల మంచి ఫిల్టరు లేకపోతే, యంత్రం నేల మీది పొట్టు తీసుకుని ముక్కుకు అందించినట్టు అవుతుంది. 0.3 మైక్రాన్ల ధూళిలో నూటికి 99.97 పాళ్లు ఆపే హెపా ఫిల్టరుకు ఇచ్చిన డబ్బును నేను వైద్యానికి పెట్టిన డబ్బుగానే చూస్తాను. మాస్కు అప్పటికీ ఉండాల్సిందే.

మా తాలూకాలోనే తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పలకలున్నాయి. దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందని వాటిని కడుగుతారు. ఆ దారిన పోయినప్పుడల్లా పలకకున్న ఆ పరామరిక పలక కోసే మనిషికి ఎందుకు లేదని నాకు బాధ కలుగుతుంది. మా తాలూకాలో ప్రతి తలుపుల కొట్టంలోనూ ఎవరో ఒక ఆచారి ముక్కుకు తువ్వాలు కట్టుకుని పని చేస్తుంటాడు.

పోయిన వారం రాత్రి దీపాలార్పి, అన్న సాండర్ ఆడిస్తుంటే నేను పక్క నుంచి టార్చిలైటు వేశాను. పాత రోజుల్లో ఆ వెలుతురు పాలలా కనిపించేది. ఇప్పుడు అక్కడక్కడ ఒక్కో నలుసు, అంతే. అన్న సాండర్ ఆపి ఆ వెలుతురులోకి వంగి చూశాడు. “రౌటర్ దగ్గర ఇంకా లేస్తాంది రా,” అన్నాడు. రేపు దానికి 35 మిల్లీమీటర్ల మూతి ఒకటి వేపచెక్కతో తనే కడతాడట. కొలత తీసుకోవడానికి నా కాలిపర్ అడిగాడు.