బోణీ బేరం

ప్రయాణం ముగిసేవేళ ఇంటివారికి కానుకలు కొనడం అందరికీ ఉన్నదే. ఉమ్రాకు వెళ్లినప్పుడు మక్కా బజారులో తస్బీహ్‌లు, జానమాజులు కొంటూ వేళ్లు చూపి బేరమాడాము. హైదరాబాదులోనైతే భాష మనదే కదా అనే ధీమా మాకు కాస్త ఎక్కువగానే ఉండేది.

గత జనవరిలో ఒంగోలు నుండి చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి శనివారం ఉదయం నాంపల్లిలో దిగాము. సాయంత్రం నుమాయిష్‌కు వెళ్లాము. 1938లో ఉస్మానియా పట్టభద్రులు బాగె ఆమ్‌లో ప్రారంభించిన ఈ ప్రదర్శన ఇప్పుడు నాంపల్లి మైదానంలో ఏటా జనవరి 1న మొదలై నెలన్నర సాగుతుంది. కాశ్మీరు శాలువాల దుకాణంలో 1800 రూపాయలన్న శాలువాను మా ఇంటివారు 700కు అడిగారు. అతడు నొచ్చుకోలేదు. మరో నాలుగు విప్పి పరచి, నేతలోని తేడాను వేలితో తాకించి చూపాడు. ఆమె రెండడుగులు ముందుకు వేసి, వెనక్కు పిలిపించుకొని, 950కి తీసుకున్నారు. ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

మరునాడు ఆబిడ్స్‌కు నడిచాము. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులోని ఆల్బర్ట్ ఆబిద్ అక్కడ దుకాణం నడిపినందున ఆ పేరు వచ్చింది. ఆదివారం దుకాణాలు మూతపడితే వాటి ముందు ఫుట్‌పాత్‌పై పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఇంజినీరింగు గైడ్ల కింద అట్ట ఊడిన అరబీ-ఉర్దూ నిఘంటువు కనబడింది. విద్యార్థి దశలో కొనలేక, గ్రంథాలయంలో కూర్చొని మేము ఎత్తి రాసుకున్నది అదే!

అమ్మే పెద్దాయన 400 అన్నారు. మేము 150 అన్నాము. ఆయన 300 దగ్గర ఆగి, "ఇంకా బోణీ కాలేదు మౌలానా, మీరే చూడండి" అన్నారు. మేము ఆ మాటనే పట్టుకున్నాము. బోణీ వేళ వచ్చినవారిని వర్తకుడు ఊరకే పోనివ్వడని ఎరుగుదుము. 180 చేతిలో పెట్టాము. ఆయన నోట్లను కళ్లకద్దుకున్నారు, మరేమీ అనలేదు. ఆ మధ్యాహ్నం హోటల్లో 640 రూపాయల బిల్లును మారుమాట లేకుండా చెల్లించాము.

జుహర్ నమాజు తర్వాత మసీదులోనే నిఘంటువు తెరిచాము. జీమ్ అక్షరం వచ్చింది. జమల్, అంటే ఒంటె. హజ్రత్ జాబిర్ (రజి) ఒంటె గుర్తుకొచ్చింది. ప్రయాణంలో అలసిన ఆ ఒంటెను దైవప్రవక్త (స) బేరమాడే కొన్నారు. మదీనా చేరాక ధర చెల్లించి, ఒంటెనూ జాబిర్‌కే తిరిగి ఇచ్చివేశారు. ఏటా మేము చెప్పే పాఠమే ఇది. అమ్మిన ఒంటెపై మదీనా దాకా సవారీ చేసే షరతు చెల్లుతుందా, చెల్లదా అని గంటసేపు చర్చిస్తాము. ఒంటెను తిరిగి ఇచ్చిన చోటికి వచ్చేసరికి గంట కొడతారు.

బండికి ఇంకా వేళ ఉంది. తిరిగి ఆబిడ్స్ వెళ్లి పెద్దాయనకు 120 రూపాయలు చాచాము. ఆయన పుచ్చుకోలేదు.

"సౌదా అయిపోయింది మౌలానా. ఇవ్వాలనిపిస్తే మరో పుస్తకం కొనండి."

పిల్లల ఉర్దూ ఖాయిదాలు రెండు ఏరి ధర అడిగాము. మేమేమంటామోనని మా ముఖమే చూస్తూ, ఒక్కొక్కటి 60 అన్నారు.