చిట్టి మనుషుల వంటిల్లు

మీ ఇంట్లోనూ పిన్నీసులు, గుండీలు మాయమైపోతుంటాయా? నిన్న పెట్టిన చోట ఇవాళ ఉండవు. పిల్లల మీదో, పనమ్మాయి మీదో విసుక్కుంటాం. నేల కింద కాపురముండే బెత్తెడు మనుషులు పట్టుకుపోతున్నారంటే నమ్ముతారా?

జపాన్ వాళ్ళు ఈ ముచ్చట మీద బొమ్మల సినిమా తీశారండీ. పేరు ‘అరియెట్టి’. స్టూడియో జిబ్లీ వారి కోసం హిరోమాసా యోనెబయాషి దర్శకత్వం వహించగా 2010లో వచ్చింది. మేరీ నార్టన్ అనే ఇంగ్లీషు రచయిత్రి 1952లో రాసిన ‘ది బారోవర్స్’ దీనికి ఆధారం. చేబదులు పుచ్చుకునేవాళ్ళని ఆ పేరుకి అర్థం.

అరియెట్టికి 14 ఏళ్ళు. నాన్న పాడ్, అమ్మ హోమిలీ. రాత్రిపూట గోడ సందుల్లో మేకుల మీద అడుగులేసుకుంటూ తండ్రీకూతుళ్ళు పైకెళ్ళి, ఇంటివాళ్ళు గమనించనంత మాత్రమే తెచ్చుకుంటారు. ఒక పంచదార బిళ్ళ, ఒక కాగితపు రుమాలు, అంతే. గుండుసూది దొరికితే అరియెట్టి కత్తిలా నడుముకి దోపుకుంటుంది. పంచదార బిళ్ళ కోసం ఎదురుచూసే హోమిలీలో నెలాఖరు రోజుల్లో మనమే కనిపిస్తాం.

ఆ ఇంటికి షో అనే కుర్రాడొస్తాడు. గుండె జబ్బు, ఆపరేషన్ జరగాలి. మంచి మనసున్నవాడే. పూర్వం ఆ ఇంటి పెద్దాయన ఈ చిట్టి మనుషుల కోసమే చేయించిన బొమ్మరిల్లు ఒకటి ఉంటుంది. షో నేలచెక్క ఎత్తి, హోమిలీ వంటగదిని పెరికేసి, బొమ్మరింటి వంటగదిని ఆ చోట అమరుస్తాడు. బుజ్జి పొయ్యి, బుజ్జి గిన్నెలు మన లక్కపిడతల్లా ఎంత బాగుంటాయో! కానీ ఇల్లంతా అదిరిపోయి ఆ తల్లి హడలిపోతుంది. ఇంక ఇక్కడ ఉండలేమని వాళ్ళు ప్రయాణం కడతారు. ఇంతలో ఆ ఇంటి పనామె జాడ కనిపెట్టి, హోమిలీని సీసాలో పెట్టి మూసేస్తుంది.

అది చూస్తుంటే రాజమండ్రిలో మా పిన్ని గుర్తొచ్చింది. ఆవిడ కాశీ వెళ్ళొచ్చేలోపు కొడుకు వంటిల్లంతా కొత్తగా చేయించాడు. అద్దాల అరలు, నల్లరాతి గట్టు. పిన్ని “బాగుంది నాన్నా” అంది. పోపులపెట్టె అందదు, కత్తిపీట వేసుకోను చోటు లేదు. వారం తిరక్కుండా పాత స్టవ్వు పెరటి వరండాలో పెట్టుకుంది. “నా ఇంట్లో నేనే చుట్టాన్నయిపోయానే” అని నాతో మాత్రం చెప్పింది.

మన భారతంలోనూ చిట్టి మనుషులున్నారు కదండీ, వాలఖిల్యులు. బొటనవేలంత మునులు. అందరూ కలిసి ఒక్క మోదుగ పుల్ల మోసుకొస్తుంటే ఇంద్రుడు చూసి నవ్వాడు. వాళ్ళు పట్టుబట్టి యాగం చేస్తే ఆ ఫలంగా గరుత్మంతుడు పుట్టి ఇంద్రుణ్ణే గెలిచాడు. ఒళ్ళు చిన్నదైనంత మాత్రాన అభిమానం చిన్నదవుతుందా?

ఆ షోనే, తల్లి కనబడ్డంలేదని అరియెట్టి వచ్చి అడిగినప్పుడు, ఆమెని భుజం మీద ఎక్కించుకుని, ఇద్దరూ కలిసే హోమిలీని విడిపిస్తారు. అప్పుడు చేసిన సాయం చక్కగా అక్కరకొచ్చింది. ఆఖరికి వాళ్ళు కెటిల్‌నే పడవ చేసుకుని ఏట్లో వెళ్ళిపోతుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

మీ ఇంట్లో పెద్దావిడకి వంటిల్లు బాగుచేయించే ఆలోచన ఉంటే, ముందు ఆవిణ్ణి గట్టు దగ్గర నిలబెట్టి, ఏ అర ఎంత ఎత్తులో ఉండాలో అడగండి. కత్తిపీటకి చోటెక్కడో కూడా ఆవిణ్ణే చెప్పనివ్వండి.